అమరావతికి క్వాంటం యంత్రం సరే, మన బీగాలు మార్చేది ఎప్పుడు?



ఈసారి రాత కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి. తీరిక లేనివాళ్ళు చివరి రెండు భాగాలైనా చదవండి. అవి మన సంఘం కుటుంబ రిజిస్టరు గురించి, వచ్చే సర్వసభ్య సమావేశంలో మీరు చెయ్యెత్తవలసిన తీర్మానం గురించి.

కొన్నాళ్ళుగా మన గ్రూపులో రెండు రకాల ఫార్వర్డులు తిరుగుతున్నాయి. ఒకటి: అమరావతిలో క్వాంటం కంప్యూటరు, తెలుగువాళ్ళు ప్రపంచాన్ని గెలిచినారు అని. రెండోది: క్వాంటం వస్తే బ్యాంకు ఖాతాలన్నీ ఒక్క రాత్రిలో తెరుచుకుంటాయి, ఈ రోజే డబ్బు తీసేసుకోండి అని. మొదటిది చదివి మురిసినవాళ్ళు ఉన్నారు. రెండోది చదివి మాకు ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు. "రైల్వేలో ఉన్నారు కదా, మీకు తెలిసే ఉంటుంది" అని అడిగినారు. టికెట్టు కౌంటరులో క్వాంటం ఎక్కడ ఉంది చెప్పండి! అయినా అడిగినవాళ్ళకు జవాబు చెప్పాలి కదా అని దొరికింది చదివినాము. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా అక్క కొడుకు సెలవుకు వచ్చినప్పుడు వాణ్ణి కూర్చోబెట్టి రెండు రోజులు అడిగినాము. మేము బడిలో చదివింది అరవం. తెలుగు అక్షరాలు నలభై దాటినాక నేర్చుకున్నాము. అందుకని ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాస్తాము.

1. అమరావతిలో వచ్చేది ఏమిటి, రానిది ఏమిటి

2023 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం జాతీయ క్వాంటం మిషన్‌కు ఒప్పుకుంది. ఖర్చు 6,003.65 కోట్ల రూపాయలు, గడువు 2030-31. దీని కింద నాలుగు కేంద్రాలు పెట్టినారు. కంప్యూటరు పని బెంగళూరు ఐఐఎస్‌సీలో, సమాచారం పంపే పని మన మద్రాసు ఐఐటీలో సీ-డాట్‌తో కలిసి, కొలత పరికరాల పని బొంబాయి ఐఐటీలో, పదార్థాల పని ఢిల్లీ ఐఐటీలో. తరువాత 2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి అమరావతి క్వాంటం వ్యాలీని ప్రకటించింది. అక్కడికని చెప్పిన యంత్రం పేరు ఐబీఎం క్వాంటం సిస్టం టూ. దాని లోపలి ప్రాసెసరు పేరు హెరాన్, 156 క్యూబిట్లది.

ఈ 156ను గుర్తు పెట్టుకోండి. బ్యాంకులు, ఆధార్ వాడే బీగాన్ని విరగ్గొట్టాలంటే ఎన్ని క్యూబిట్లు కావాలి? 2019లో గూగుల్‌లో పనిచేసే క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరా అనే స్వీడన్ పరిశోధకునితో కలిసి ఒక లెక్క వేసినాడు. 2 కోట్ల క్యూబిట్లు ఉంటే 8 గంటల్లో విరుగుతుంది అన్నారు. 2 కోట్లు ఎక్కడ, 156 ఎక్కడ! కాబట్టి డబ్బు తీసి బియ్యం డబ్బాలో పెట్టుకున్నవాళ్ళు మళ్ళీ బ్యాంకులో వేసేయవచ్చు. అమరావతి యంత్రం మందుల తయారీకి, పదార్థాల పరిశోధనకు, పిల్లలు పని నేర్చుకోవడానికి. మన పిల్లలు నాలుగు గంటల రైలు దూరంలో కాకపోయినా ఒక రాత్రి ప్రయాణంలో అక్కడ చదువుకోగలిగితే మాకూ సంతోషమే.

కాని అదే గిడ్నీ 2025 మే నెలలో లెక్క మళ్ళీ వేసినాడు. ఈసారి పది లక్షలకంటే తక్కువ చాలు, వారం లోపల అయిపోతుంది అన్నాడు. ఆరేండ్లలో 2 కోట్లు పది లక్షలకు దిగింది. యంత్రం బాగుపడినందుకు కాదు, లెక్క వేసే పద్ధతి బాగుపడినందుకే. ఒకపక్క యంత్రం పెరుగుతూ ఉంది, ఇంకొకపక్క కావలసిన సంఖ్య తగ్గుతూ ఉంది. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఎక్కడో ఒక స్టేషనులో కలవాల్సిందే. ఏ స్టేషను అనేది మాత్రం టైంటేబులులో లేదు.

2. బీగం ఎట్ల పనిచేస్తుంది

ఒంటి లైను మీద పనిచేసిన రైల్వేవాళ్ళకు నీల్స్ బాల్ టోకెన్ తెలుసు. పక్కపక్క స్టేషన్లలో రెండు పెట్టెలు, వాటి మధ్య కరెంటు తీగ. ఒక పెట్టెలోనుంచి ఇనుప గోళం బయటికి తీస్తే, అది తిరిగి పెట్టెలో పడేదాకా రెండు పెట్టెల్లో ఏదీ ఇంకొక గోళం ఇవ్వదు. ఆ గోళం చేతికి అందితేనే డ్రైవరు బండి కదిలిస్తాడు. ఎంత గట్టి ఏర్పాటు! కాని ఒక షరతు ఉంది. గోళాన్ని చేతినుంచి చేతికి ఇవ్వాలి.

ఇంటర్నెట్‌లో ఆ అవకాశం లేదు. మీ ఫోను, బ్యాంకు కంప్యూటరు ఎప్పుడూ ఎదురుపడలేదు. అయినా దారిలో ఎవరికీ తెలియకుండా రెండూ ఒకే చెవి పంచుకోవాలి. దీనికి 1977లో అమెరికాలో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు ఒక దారి కనిపెట్టినారు. వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఆర్‌ఎస్‌ఏ అంటారు. బ్యాంకు తెరిచిన బీగాలను అందరికీ పంచుతుంది, చెవి మాత్రం తన దగ్గరే పెట్టుకుంటుంది. మీరు మీ సంగతిని పెట్టెలో పెట్టి ఆ బీగం నొక్కి పంపిస్తారు. నొక్కిన మీరు కూడా తిరిగి తెరవలేరు.

ఆ బీగం లోపల ఉన్నది ఒక చిన్న లెక్క. 61ని 53తో గుణించండి. కాగితం, పెన్సిలు ఉంటే అర నిమిషంలో 3233 వస్తుంది. ఇప్పుడు తిరగేసి అడుగుతాము: 3233 రావాలంటే ఏ రెండు సంఖ్యలను గుణించాలి? ముందే తెలియకపోతే కాఫీ చల్లారిపోతుంది. నాలుగు అంకెల సంఖ్యకే ఇట్ల ఉంటే, 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏలో ఉండేది 617 అంకెల సంఖ్య. మామూలు కంప్యూటర్లకు దాన్ని విడదీయడం ఇన్నాళ్ళూ చేతకాలేదు. కాని 1994లో పీటర్ షోర్ అనే ఆయన, క్వాంటం కంప్యూటరు అనేది ఒకటి గట్టిగా తయారైతే ఈ విడదీసే లెక్కను ఎట్ల సులువుగా చేయవచ్చో కాగితం మీద చూపించినాడు. అంటే ఈ బీగం విరిగే దారి ముప్పై ఏండ్ల కిందటే తెలుసు. దారి ఉంది, బండి ఇంకా లేదు.

అన్ని బీగాలూ ఇట్ల విరగవు. ఏఈఎస్ అనే ఇంకొక రకం ఉంది. దాని చెవి పొడుగు 256 బిట్లు పెడితే క్వాంటం వచ్చినా నిలబడుతుంది. విరిగేది, ముక్కు మొహం తెలియని ఇద్దరు చెవి పంచుకునే బీగం. డిజిటల్ సంతకం కూడా ఆ జాతిదే. మనం ఆన్‌లైన్‌లో తీసుకునే ఈసీ మీద ఉండే డిజిటల్ సంతకాన్ని ఆలోచించండి. బీగం విరిగితే రహస్యం బయటపడుతుంది. సంతకం విరిగితే దొంగ కాగితం అసలు కాగితం అవుతుంది. భూమి ఉన్నవాళ్ళకు ఈ రెండోదే పెద్ద భయం.

3. గోడ ఎంత ఎత్తైతే ఏమి

2018 మార్చిలో ఆధార్ కేసు సుప్రీంకోర్టులో నడిచేటప్పుడు అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ గారు, ఆధార్ సమాచారం 13 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం ఉన్న గోడల వెనక భద్రంగా ఉంది అని చెప్పినారు. అప్పుడు దేశమంతా నవ్వినారు. ఆ వారంలోనే ఆధార్ సంస్థ పెద్ద అధికారి కోర్టుకు ఇంకొక మాట చెప్పినారు. తాము వాడేది 2048 బిట్ల బీగం అని, దాన్ని విరగ్గొట్టడానికి ఎంత వేగమైన కంప్యూటరుకైనా ఈ విశ్వం వయసంత కాలం పడుతుంది అని. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఆ రోజు ఉన్న కంప్యూటర్లకు అది నిజం కూడా. కాని 2019 లెక్క ప్రకారం చూస్తే, తగిన క్వాంటం యంత్రం ఒకటి వస్తే విశ్వం వయసు 8 గంటలు అవుతుంది. ఒక ఎక్స్‌ప్రెస్ బండి కోవిల్‌పట్టినుంచి మద్రాసుకు పోయేంత సేపు.

గోడ మాటకు వస్తే, సమాచారం ఎప్పుడూ గోడ లోపలే కూర్చుని ఉండదు. మీరు రేషన్ కొట్టులో వేలు పెట్టినప్పుడు, బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసినప్పుడు, అది తీగల మీద ప్రయాణం చేస్తుంది. ప్రయాణంలో ఉన్నది బీగం వేసిన పెట్టె. దొంగ ఆ పెట్టెను తెరవలేడు, సరే. కాని పెట్టెకు నకలు తీసి దాచుకోగలడు. పదేండ్లో పదిహేనేండ్లో ఆగి, క్వాంటం యంత్రం వచ్చినాక తెరుస్తాడు. ఇప్పుడు దొంగిలించు, తరువాత తెరువు అనేది ఈ పద్ధతి. పెద్ద పెద్ద దేశాల గూఢచారి సంస్థలు ఇట్ల చేస్తాయనే భయంతోనే ప్రపంచం అంతా తొందరపడుతూ ఉంది.

ఇక్కడ ఒక గుమాస్తా లెక్క వేసుకోవాలి. ఏ సంగతి ఎన్నాళ్ళు రహస్యంగా ఉండాలి? ఓటీపీ పది నిమిషాలు. ఏటీఎం పిన్ను మనం మార్చేదాకా. టికెట్టు పీఎన్ఆర్ బండి దిగేదాకా. పుట్టిన తేదీ, అమ్మ పేరు, కులం, రోగం, వేలిముద్ర, కంటిపాప? ఇవి చచ్చేదాకా. కొన్ని చచ్చినాక కూడా, పిల్లలకోసం. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఉండే మిషెల్ మోస్కా అనే ఆయన దీనికి ఒక సూత్రం చెప్పినాడు. రహస్యం నిలవాల్సిన ఏండ్లు, బీగాలు మార్చడానికి పట్టే ఏండ్లు, ఈ రెండూ కూడండి. ఆ మొత్తం క్వాంటం యంత్రం రావడానికి పట్టే ఏండ్లకంటే ఎక్కువైతే మీరు ఇప్పటికే ఆలస్యం. మన ఇంట్లో పద్దెనిమిదేండ్ల ఆడపిల్ల ఉంది అనుకోండి. ఆమె వేలిముద్ర ఇంకా అరవై ఏండ్లు భద్రంగా ఉండాలి. బీగాల మార్పుకు పదేండ్లు. మొత్తం డెబ్బై. యంత్రం రావడానికి డెబ్బై ఏండ్లు పడుతుంది అని చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పోయిన నవంబరులో విరుదునగరంలో పెన్షనుదారుల లైఫ్ సర్టిఫికెట్టు పనికి తోడుగా పోయినాము. గ్యాంగ్‌మన్‌గా చేసి పోయినవారి భార్య ఒకామె, మాకు వరుసకు అత్త అవుతారు. చిన్నప్పటినుంచి అగ్గిపెట్టెలు అంటించిన చేతులు, వేళ్ళమీద గీతలే అరిగిపోయినాయి. మూడుసార్లు పెట్టినా మిషను తీసుకోలేదు. చివరికి ఫోనులో ముఖం చూపించి ముగించినాము. బయటికి వచ్చినాక ఆమె అడిగింది:

"ఏం నాయనా, నా వేలు నాదే అని ఆ మిషనుకే తెలియలేదే, ఇంక దొంగ దాన్ని పెట్టుకొని ఏం చేస్తాడు?"

"అత్తా, మిషను దగ్గర ఉండేది మీ వేలు పడుచుగా ఉన్నప్పటి నకలు. అది అరగదు" అన్నాము.

ఆమె కాసేపు చేతులు చూసుకొని, "అయితే నాకంటే అదే ఎక్కువ కాలం బతుకుతుంది" అంది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు పోతే మార్చుకోలేము అని మేము ఇంత పొడుగు రాస్తున్నాము. ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

4. బీగాలు మార్చడం గేజి మార్చడం లాంటిది

"మామా, అదంతా పది పదిహేనేండ్ల మాట, ఇప్పుడు ఎందుకు కంగారు?" అని మా మేనల్లుడు నవ్వినాడు. "అల్లుడూ, నువ్వు మీటర్ గేజి చూడలేదు" అన్నాము.

1992లో కేంద్రం యూనిగేజి పథకం మొదలు పెట్టింది. వెయ్యి మిల్లీమీటర్ల మీటర్ గేజిని 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజిగా మార్చే పని. విరుదునగరం జంక్షనులో ముందు మదురై వైపు మెయిన్ లైను మారింది. తెన్‌కాశి లైను చాలా ఏండ్లు ఆగింది. మానామదురై లైను 2013లో మారింది. అవతల సెంగోట్టై నుంచి పునలూరు దాకా ఉన్న కొండ మార్గం 2018లో ముగిసింది. ఒక జంక్షను చుట్టూ ఇరవై ఏండ్లకు పైగా! ఎందుకంటే పట్టాలు మారిస్తే చాలదు. వంతెనలు, ప్లాట్‌ఫారాలు, సిగ్నళ్ళు, పెట్టెలు, ఇంజన్లు, వర్క్‌షాపులు అన్నీ మారాలి. మార్చేటప్పుడు బండ్లు నడుస్తూనే ఉండాలి. మారిన లైనుకు, మారని లైనుకు మధ్య సామాను దించి ఎక్కించాలి. కంప్యూటర్లలో బీగాలు మార్చడం సరిగ్గా ఇట్లాంటిదే.

కొత్త పట్టాలు తయారుగా ఉన్నాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టు 13న క్వాంటానికి విరగని మూడు పద్ధతులను ప్రకటించింది. చెవి పంచుకోవడానికి ఎంఎల్-కెమ్, సంతకానికి ఎంఎల్-డీఎస్‌ఏ, ఎస్‌ఎల్‌హెచ్-డీఎస్‌ఏ. వీటికి క్వాంటం యంత్రం అక్కరలేదు, మామూలు కంప్యూటరులోనే నడుస్తాయి. సిగ్నల్ యాప్ 2023లోనే కొత్త బీగం కలిపింది. ఆపిల్ ఐమెసేజ్ 2024లో కలిపింది. మీ ఫోనులో క్రోమ్ కూడా, అవతలి వెబ్‌సైటు తయారుగా ఉంటే, పాత బీగం కొత్త బీగం రెండూ కలిపి వేస్తుంది. మిక్సెడ్ గేజి లైనులో మూడు పట్టాలు వేసి రెండు రకాల బండ్లు నడిపినట్లు. మీకు తెలియకుండానే ఇది జరిగిపోయింది. ఎందుకంటే ఆ కంపెనీలకు తమ లైను ఎంత పొడుగో తెలుసు.

ప్రభుత్వాలకు లైను చాలా పొడుగు. అందుకే తేదీ పెట్టుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వ సైబర్ సంస్థ 2025 మార్చిలో తేదీలు ఇచ్చింది. 2028 లోపల ఎక్కడెక్కడ పాత బీగాలు ఉన్నాయో కనిపెట్టాలి, 2031 లోపల ముఖ్యమైనవి మార్చాలి, 2035కు అంతా ముగించాలి. అమెరికా కూడా 2035 అనే గురి పెట్టుకుంది. యూరప్ వాళ్ళు 2026 ముగిసేలోపల పని మొదలు పెట్టాలి, ఎక్కువ అపాయం ఉన్నవి 2030 లోపల మార్చాలి అన్నారు. మన దేశంలో సెర్ట్-ఇన్ సంస్థ 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ సాఫ్ట్‌వేరులో ఏ బీగం ఉందో ఒక పట్టీ తయారు చేసుకోవాలి అని అందులో ఉంది. రైల్వేలో డెడ్ స్టాక్ రిజిస్టరు రాసినవాళ్ళకు ఆ పని బరువు తెలుసు. ఆఫీసులో ఎన్ని కుర్చీలు ఉన్నాయో లెక్క పెడితే, ఎప్పుడో ఎవరో కొని మరిచిపోయిన బీరువా ఒకటి గోడ వెనక బయటపడుతుంది.

కంప్యూటర్లలో ఈ మరిచిపోయిన బీరువాలు ఎక్కువ. ఒక చిన్న ఉదాహరణ చెబుతాము. విరుదుపట్టి అనే పేరు 1923లో విరుదునగరం అయింది. నూరేండ్లు దాటింది. ఈ రోజు మీరు టికెట్టు తీయండి, స్టేషను కోడు ఏమి ఉంటుంది? వీపీటీ. పట్టి పోయినా పట్టిలోని పీటీ పోలేదు. స్టేషను కోడు అట్లే ఉంటే ఎవరికీ నష్టం లేదు. పాత బీగం అట్లే మిగిలిపోతే నష్టం మనకే.

5. ప్రభుత్వాన్ని మనం ఏమి అడగాలి

క్వాంటం వ్యాలీకి శంకుస్థాపన చేస్తే ఫోటో వస్తుంది, పేపరులో పడుతుంది. బీగం మారిస్తే ఫోటో రాదు. మార్చిన రోజు ఏమీ జరగనట్లే ఉంటుంది, జరగకపోవడమే దాని ఫలితం. ఓటు తెచ్చే పని కాదు కాబట్టి అడిగేవాళ్ళు లేకపోతే అది వెనకపడుతుంది. యంత్రం వద్దు అని మేము అనడం లేదు. యంత్రానికి ఎంత శ్రద్ధ పెడుతున్నారో బీగానికీ అంత పెట్టమంటున్నాము. మా అడుగుదల మూడు మాటలు.

ఒకటి, ప్రతి శాఖ తన తేదీ చెప్పాలి. ఆధార్‌కు ఫలానా ఏడు, పెన్షనుకు ఫలానా ఏడు, రిజిస్ట్రేషను శాఖ సంతకాలకు ఫలానా ఏడు అని జనానికి అర్థమయ్యే భాషలో, మన రాష్ట్రంలో అరవంలో, ప్రకటించాలి. గేజి మార్పుకు ప్రతి రైల్వే బడ్జెట్టులో లైను పేరు, గడువు చెప్పేవాళ్ళు. తేదీ తప్పినా అడగడానికి మనకు ఒక తేదీ ఉండేది.

రెండు, చచ్చేదాకా మారని సమాచారం ముందు మారాలి. వేలిముద్ర, కంటిపాప, ఆసుపత్రి రికార్డు, కులం. డబ్బు వెనక రావచ్చు. బ్యాంకు డబ్బు పోతే పోరాడి తెచ్చుకోవచ్చు, ఇవి పోతే తెచ్చుకోలేము.

మూడు, తక్కువ అడగాలి. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, ఆధార్ జిరాక్సు ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వకండి, చివరి నాలుగు అంకెలు మాత్రం కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అని ప్రకటన చేసింది. రెండు రోజుల్లో కేంద్ర మంత్రిత్వ శాఖ, జనం తప్పుగా అర్థం చేసుకుంటారని దాన్ని వెనక్కి తీసుకుంది. మాకు అయితే మొదటి ప్రకటనే బాగుంది. మాస్క్‌డ్ ఆధార్ సౌకర్యం ఇప్పటికీ ఉంది, వాడుకోండి.

6. మన రిజిస్టరు

ఇప్పుడు ఇంటి సంగతి. కార్యవర్గం వాళ్ళు మంచి మనసుతో కుటుంబ రిజిస్టరు మొదలు పెట్టినారు. చదువు సహాయం, పెండ్లి సంబంధాలు, ఆసుపత్రి సహాయం అన్నిటికీ ఒకే చోట వివరాలు ఉండాలి అనేది వాళ్ళ ఆలోచన. దాన్ని మేము తప్పు పట్టము. కాని ఆన్‌లైన్ ఫారములో అడిగినవి చూడండి: ఆధార్ రెండు పక్కల ఫోటో, కమ్యూనిటీ సర్టిఫికెట్టు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పిల్లల జాతకం, ఆడపిల్లల ఫోటో, రక్తం గ్రూపు, ఇంట్లో ఎవరికి ఏ రోగం. ఇవన్నీ ఒక లింకులో. ఆ లింకు రెండు గ్రూపుల్లో తిరుగుతూ ఉంది. దీన్ని తెరవడానికి క్వాంటం కంప్యూటరు ఎందుకు? బొటనవేలు చాలు.

పెద్ద దొంగ పదిహేనేండ్లు ఆగి బీగం విరగ్గొడతాడు అని ప్రభుత్వాన్ని అడుగుతూ, మన గుమ్మానికి గొళ్ళెం కూడా పెట్టకపోతే మన మాటకు విలువ ఉండదు. చట్టం కూడా మన వైపు చూస్తూ ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చినాయి. ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల తరువాత, అంటే 2027 మే నుంచి అమలు. ఇంటి సొంత అవసరానికి పెట్టుకున్న లెక్కకు ఈ చట్టం రాదు. సంఘం పెట్టుకున్న లెక్కకు వస్తుంది. సమాచారం భద్రంగా పెట్టకపోతే జరిమానా పరిమితి 250 కోట్ల రూపాయలు. మనమీద అంత వేస్తారని కాదు. మన కల్యాణ మండపం అమ్మినా అందులో వందో వంతు రాదు అని మాత్రం చెబుతాము.

సర్వీసులో మేము నేర్చుకున్న పాఠం ఒకటి ఉంది. రైల్వేలో ప్రతి రికార్డుకు ఇన్నాళ్ళు దాచాలి అని గడువు ఉంటుంది. గడువు దాటితే జాబితా రాసి, సంతకాలు పెట్టి నాశనం చేస్తారు. దాచడం ఎంత ముఖ్యమో పారేయడం అంత ముఖ్యం. లేని కాగితాన్ని ఏ క్వాంటం యంత్రమూ చదవలేదు. ఇంతకంటే గట్టి బీగం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

కాబట్టి సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెట్టమని రెండు శాఖల కార్యదర్శులను వేడుకుంటున్నాము:

ఒకటి. ఆధార్ నకలు తీసుకోవడం నిలపాలి. సహాయం ఇచ్చే రోజు అసలు కార్డు కంటితో చూసి తిరిగి ఇవ్వాలి. ఇప్పటిదాకా తీసుకున్న ఫోటోలను ఇద్దరు సాక్షుల ముందు తుడిచివేసి మినిట్స్ పుస్తకంలో రాయాలి.

రెండు. జాతకాలు, ఆడపిల్లల ఫోటోలు గ్రూపులో కాని, లింకులో కాని పెట్టకూడదు. సంబంధం కలిసే ఇంటికి ఆ ఇంటి పెద్దలే ఇచ్చుకోవాలి. పెండ్లి కుదిరిన వెంటనే సంఘం దగ్గర ఉన్నది తీసివేయాలి.

మూడు. రోగం వివరం రిజిస్టరులో అక్కరలేదు. సహాయం అడిగినప్పుడు డాక్టరు చీటీ చూపిస్తారు, అది చాలు.

నాలుగు. మిగిలిన జాబితాకు ఇద్దరే బాధ్యులు. పదవి మారినప్పుడు చార్జి అప్పగింత కాగితం రాసి, పాస్‌వర్డు మార్చాలి. జాబితాలోని ప్రతి వివరానికి ఎన్నాళ్ళు ఉంచాలో గడువు రాయాలి.

అయిదు. పైన చెప్పిన మూడు అడుగుదలలతో తూత్తుకుడి, విరుదునగరం జిల్లాల ఎంపీలకు, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖకు సంఘం పేరుమీద అరవంలో, ఇంగ్లీషులో ఉత్తరం పంపాలి. రాసే పని మేము చేస్తాము. ఇంగ్లీషు మా మేనల్లుడు దిద్దుతానన్నాడు.

మన పెద్దవాళ్ళు ఈ కరిసల్ నేలకు వచ్చినప్పుడు ఇంటిపేర్లు, వరుసలు, ఎవరి పిల్లను ఎవరికి ఇచ్చినారు అనేది అంతా నోటిమీదే మోసుకొచ్చినారు. ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పినారు. తలాతోకా తెలియనివాడు వచ్చి అడిగితే నీళ్ళు ఇచ్చి పంపించినారు, వంశం చెప్పలేదు. అంత పాటి జాగ్రత్త మనకూ కావాలి.

అభిప్రాయం వేరుగా ఉన్నవాళ్ళు తప్పకుండా కామెంటులో రాయండి. "రిజిస్టరు లేకపోతే చదువు సహాయం ఎట్ల ఇస్తాము?" అని అడిగేవాళ్ళు ఉంటారు. రిజిస్టరు ఉండాలి, సన్నగా ఉండాలి అనేదే మా మాట. ఒక్క వేడుకోలు: ఈ పోస్టు కింద ఎవరూ తమ ఆధార్ నంబరు, ఫోను నంబరు పెట్టకండి. సమావేశానికి రండి, నేరుగా మాట్లాడుకుందాము.

ఇట్లు,
మీలో ఒకరము,
రిటైర్డ్ రైల్వే గుమాస్తా, కోవిల్‌పట్టి శాఖ.